అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్షకి ఇంటి దగ్గరే ఎలా తయారవ్వాలి

తెల్లవారుజామున నాలుగున్నరకి కోనసీమలో ఏ కాలవ గట్టు మీదకి వెళ్లినా ఆర్మీలో అగ్నివీరులుగా చేరాలని మన కుర్రాళ్లు పరుగెడుతూ కనిపిస్తారు. పాలకొల్లు, నరసాపురం వైపూ అంతే. వాళ్లలో చాలామంది నన్ను అడిగేది ఒక్కటే: "మాస్టారూ, మైలు పరుగు అయిదున్నర నిమిషాల్లో కొట్టేస్తున్నానండి. మరి ఆ కంప్యూటర్ పరీక్ష సంగతేంటండి?"

నేను ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చాను. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. విడివిడిగా అందరికీ చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను.

మా రోజుల్లో ముందు గ్రౌండు, ఆఖర్న రాతపరీక్ష. 2023 నుంచి ఇది తిరగబడింది. ముందు ఆన్‌లైన్‌లో సీఈఈ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అది దాటినవాళ్లకే ర్యాలీ, అంటే గ్రౌండు. అంటే మీరు ఆర్నెల్లు గట్టు మీద చెమటోడ్చినా, ఆ ఒక్క గంట సరిగ్గా కూర్చోలేకపోతే మీ పరుగు చూసేవాళ్లే ఉండరు. అందులో పోయిన పిల్లల్ని దగ్గర్నుంచి చూశాను. చాలామందికి చదువు రాక కాదు. మౌస్ అలవాటు లేక కొందరు, భాష తప్పుగా ఎంచుకుని కొందరు, మైనస్ మార్కులకి భయపడి ఇంకొందరు పోయారు. ఈ మూడూ మనం సరిచేసుకోగలిగినవే.

పరీక్ష ఎలా ఉంటుందంటే

జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి పోస్టుకి, 50 ప్రశ్నలు, 100 మార్కులు, ఒక గంట. జీకే 15, సైన్స్ 15, లెక్కలు 15, రీజనింగ్ 5. సరైన జవాబుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. టెక్నికల్, క్లర్క్ పోస్టులకి ప్రశ్నకి 4 మార్కులు, తప్పుకి 1 కోత, సిలబస్ వేరు. ఈ వ్యాసంలో జనరల్ డ్యూటీ లెక్కే చెబుతున్నాను. మీ ఏడాది నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని చదవండి. ఎక్కడైనా తేడా ఉంటే నోటిఫికేషన్‌దే ఆఖరి మాట.

సైన్యం ఇలా బుర్రకి పరీక్ష పెట్టడం కొత్తేమీ కాదు. 1917లో అమెరికా సైన్యం కొత్తగా చేరిన లక్షలమంది రంగరూట్లకి ఆల్ఫా అని ఒక పరీక్ష పెట్టింది. చదువు రానివాళ్లకి బొమ్మలతో బీటా అని ఇంకోటి పెట్టింది. ఎంత పుస్తకజ్ఞానం ఉందన్నదే కాకుండా, చెప్పింది ఎంత త్వరగా అర్థం చేసుకుంటున్నాడన్నది కూడా అందులో చూశారు. గడియారం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్ నుంచి మీ ఏడాది నోటిఫికేషన్, ప్రింటు తీసి
- ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితం, సైన్స్ పాఠ్యపుస్తకాలు. ఊళ్లో ఎవరో ఒకరి అటక మీద ఉంటాయి
- పాత ప్రశ్నల పుస్తకం ఒక్కటి. నాలుగు గైడ్లు కొనకండి
- వారానికి రెండు గంటలు మౌస్ ఉన్న కంప్యూటర్
- గోడ గడియారం. టైము చూడ్డానికి ఫోను తీస్తే ఆ ఫోను మిమ్మల్ని వదలదు
- రెండొందల పేజీల నోట్‌బుక్
- మీలాగే రాసే స్నేహితుడు ఒకడు

1. ముందు టేపు పెట్టి కొలుచుకోండి, పేరు సరిచూసుకోండి

మన రాష్ట్రంవాళ్లకి జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 77, ఊపిరి బిగిస్తే ఇంకో 5 పెరగాలి. టెన్త్‌లో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 రావాలి. ఇవి ఉన్నాయో లేదో చూసుకోకుండా నెలల తరబడి చదివితే బాధ మిగులుతుంది. చెప్పుల్లేకుండా, గోడకి ఆనుకుని, ఇంకొకరి చేత కొలిపించుకోండి.

ఇక పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదంటే ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. మన తెలుగువాళ్లందరికీ ఉన్న తంటా ఇది. మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది, ఇప్పుడే వెళ్లండి. తండ్రి పేరు, పుట్టినతేదీ కూడా చూసుకోండి.

గోదావరి జిల్లాలవాళ్లు, యానాంవాళ్లు విశాఖపట్నం ఏఆర్ఓ (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు) కిందికొస్తారు. దరఖాస్తు నెట్ సెంటర్ కుర్రాడి చేత పెట్టించినా ఆఖరి బటన్ నొక్కే ముందు ప్రతి గడీ మీరే చదవండి. ఈమెయిలు, ఫోను నంబరు మీవే ఇవ్వండి. సెంటర్‌వాళ్ల ఈమెయిలు ఇచ్చేసి, తర్వాత అడ్మిట్ కార్డు సమాచారం అందక తిరిగినవాళ్లని చూశాను.

2. భాష ఆలోచించి ఎంచుకోండి

2025 నుంచి ఈ పరీక్ష తెలుగులో కూడా పెడుతున్నారు. నాకు చాలా సంతోషం కలిగించిన మార్పు ఇది. అయితే "తెలుగువాణ్ణి కాబట్టి తెలుగే" అనుకోకండి. మీరు ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే త్వరణం, ద్రవ్యవేగం, క.సా.గు., చక్రవడ్డీ అన్న మాటలు పరీక్షలో తొలిసారి చూసి బిక్కమొహం వేస్తారు. వీటినే మీరు యాక్సిలరేషన్, మొమెంటమ్, ఎల్‌సీఎమ్, కాంపౌండ్ ఇంట్రస్ట్ అని చదువుకుని ఉంటారు.

ఎలా తేల్చుకోవాలి? మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. సైన్స్‌లో ఏదో ఒక పాఠం తీసి పది ప్రశ్నలు తెలుగు పేజీలో చదివి చేయండి. మర్నాడు ఇంకో పాఠంలో పది ఇంగ్లీషులో చేయండి. ఎందులో తక్కువసేపు పట్టిందో అదే మీ భాష. ఒకసారి ఖాయం చేసుకున్నాక చదువు కూడా ఆ భాషలోనే సాగాలి.

3. మౌస్‌కి చెయ్యి అలవాటు చేయండి

ఒకసారి ఒక కుర్రాణ్ణి నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి మాక్ టెస్టు ముందు కూర్చోబెట్టాను. కొబ్బరి ఒలుపులో రోజుకి వెయ్యి కాయల మీద ఆడే చెయ్యి అది. మౌస్ మీద ఆ చెయ్యి పెట్టి బిగించాడు, బాణం గుర్తు తెర మూలకి పోయి అక్కడే ఆగిపోయింది. వాడు చటుక్కున చూపుడువేలితో కంప్యూటర్ తెర మీదే జవాబు నొక్కాడు, ఫోనులో నొక్కినట్టు. రెండుసార్లు నొక్కి, పలకలేదని నా మొహం చూశాడు. లెక్కల్లో వాడు మా బ్యాచ్‌కే మొదటివాడు.

ఆర్మీ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టు లింకు ఉంటుంది. దాంట్లో కూర్చుని ఇవి చేయండి:

- జవాబు ఎంచుకోవడం, మార్చడం, తీసేయడం
- సేవ్ చేసి తర్వాత ప్రశ్నకి పోవడం. ఆ బటన్ నొక్కకుండా పక్క నంబరు మీద నొక్కి వెళ్లిపోతే ఎంచుకున్న జవాబు నిలవకపోవచ్చు. అందరూ చేసే పెద్ద తప్పు ఇదే
- వదిలేసిన ప్రశ్నకి నంబరు పట్టుకుని వెనక్కి రావడం
- పక్కనున్న రంగులు చూసి ఏది చేశారో, ఏది మిగిలిందో పోల్చుకోవడం

కంప్యూటర్ దొరక్కపోతే ఫోనుకి ఓటీజీ పిన్ను పెట్టి మౌస్ తగిలించండి, బాణం గుర్తు తెర మీదకి వస్తుంది. పూర్తిగా సరిపోదు గాని చేతి బిగువు వదులుతుంది. ఏమైనా పరీక్షకి ముందు కనీసం అయిదుసార్లు అసలు కంప్యూటర్ మీద రాయండి.

4. చదవకముందే ఒక పేపరు రాసేయండి

పుస్తకం తెరవకముందే గంట పెట్టుకుని ఒక పూర్తి పేపరు రాయండి. మార్కులు తక్కువ వస్తాయి, రానివ్వండి. సబ్జెక్టువారీగా ఎన్ని సరి, ఎన్ని తప్పు, ఎన్ని వదిలారో నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. ఎక్కడ తక్కువ వచ్చిందో అక్కడి నుంచే చదువు మొదలవ్వాలి. వచ్చిన పాఠమే మళ్లీ మళ్లీ చదివితే మనసుకి హాయిగా ఉంటుంది, మార్కులు మాత్రం కదలవు.

5. ఏది ఎంత చదవాలి

సైన్స్ పదో తరగతి దాటదు. ప్రమాణాలు, విటమిన్లు, జబ్బులు, కాంతి, విద్యుత్తు, ఆమ్లాలు, క్షారాలు, శరీర భాగాలు. జీకేలో సైన్యానికి దగ్గరి విషయాలు వదలకండి: ఆర్మీ డే జనవరి 15, నేవీ డే డిసెంబరు 4, వైమానిక దళం రోజు అక్టోబరు 8, కార్గిల్ విజయ్ దివస్ జులై 26, తొలి పరమవీర చక్ర మేజర్ సోమనాథ్ శర్మ. హోదాల వరుస, రాష్ట్రాలు, రాజధానులు, నదులు, ఆటలు. రోజూ పేపరు చదవడం మంచిదే గాని జీకే సముద్రం, దాంట్లోనే మునిగిపోవద్దు.

లెక్కల్లో శాతాలు, లాభనష్టాలు, వడ్డీలు, నిష్పత్తి, సగటు, కాలం-పని, కాలం-దూరం, వైశాల్యాలు ముందు. రీజనింగ్ అయిదే ప్రశ్నలు, అయినా అభ్యాసం ఉన్నవాడికి అయిదూ వచ్చేస్తాయి. సిరీస్ కనిపిస్తే ముందు తేడాలు రాయండి. 3, 7, 15, 31 అంటే తేడాలు 4, 8, 16. తర్వాత తేడా 32, జవాబు 63.

దిక్కుల ప్రశ్నలో మనవాళ్లు ఎందుకు తప్పుతారో నాకు కొన్నాళ్లకి గాని అర్థం కాలేదు. మన ఊళ్లలో దారి చెప్పేటప్పుడు ఎగువకి, దిగువకి, కాలవకి అటు, ఇటు అంటాం. బుర్రలో ఉత్తరం పైన ఉండదు, కాలవ ఉంటుంది. అందుకని రఫ్ కాగితం మీద ముందు ప్లస్ గుర్తు గీసి పైన ఉ, కుడివైపు తూ అని రాసేయండి. ఉత్తరానికి మూడు కిలోమీటర్లు నడిచి, కుడికి తిరిగి నాలుగు నడిస్తే బయల్దేరిన చోటికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఈశాన్యాన ఉన్నట్టు. బొమ్మ గీస్తే పదిహేను సెకన్ల పని.

6. తెలియని ప్రశ్నని వదలాలా, పెట్టాలా?

నేనూ మొదట్లో "తెలియకపోతే వదిలేయండిరా, మైనస్ ఉంది" అనే చెప్పాను. ఒక కుర్రాడు నా మాట విని పదిహేడు ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చాడు. వాటిలో సగానికి పైగా ఒకటి రెండు జవాబులు కావని వాడికి తెలుసు. ఆ తప్పు నాది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

అయిదు ప్రశ్నలు గుడ్డిగా పెట్టారనుకోండి. ఒకటి తగిలి నాలుగు పోతే 2 వచ్చి 2 పోతుంది. లాభమూ లేదు, నష్టమూ లేదు. అంటే అయిదింట ఒకటి తగిలితే చాలు, మీ మార్కులు తగ్గవు. నాలుగు జవాబుల్లో గుడ్డిగా పెడితేనే సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అదీ అతి చిన్న లాభమే, దాని మీద ఆశ పెట్టుకోకండి. అసలు లాభం ఇక్కడుంది: రెండు జవాబులు కావని తేల్చేసి మిగతా రెండింట్లో ఒకటి పెడితే ఎనిమిది ప్రశ్నల్లో సగటున నాలుగు సరి. 8 వస్తుంది, 2 పోతుంది, మిగిలేది 6 మార్కులు. అదృష్టం బాగోక రెండే తగిలినా 4 వచ్చి 3 పోయి ఇంకా 1 మిగులుతుంది. వదిలేస్తే సున్నా.

కాబట్టి నా మాట ఇప్పుడు ఇది: ఒక్క జవాబైనా కాదని ఖాయంగా చెప్పగలిగితే ఆ ప్రశ్న వదలకండి. ఏమీ తెలియనిదాని దగ్గర కూర్చుని ఆలోచించకండి. ముందుకి పొండి, ఆఖర్న టైముంటే చూద్దాం.

కాని జవాబుల్ని కొట్టేయడం ఎలాగో చూడండి. "ఒకడు ఒక కొబ్బరి కుప్పని 6 గంటల్లో ఒలుస్తాడు. ఇంకొకడు 12 గంటల్లో. ఇద్దరూ కలిస్తే ఎన్ని గంటలు?" జవాబులు 9, 6, 4, 3. మొదటివాడు ఒక్కడే 6లో చేసేవాడు, సాయం వచ్చాక 6 కన్నా తగ్గాలి. 9, 6 పోయాయి. రెండోవాడూ మొదటివాడంత చురుకైతే 3 గంటలు పట్టేది, వాడు అంతకన్నా నిదానం. 3 పోయింది. మిగిలింది 4. సూత్రం రాయకుండానే జవాబు వచ్చింది. సూత్రంతో సరిచూసుకోండి: 6, 12 గుణిస్తే 72, కలిపితే 18, భాగిస్తే 4.

ఇంకొకటి. 47ని 53తో గుణిస్తే? జవాబులు 2481, 2487, 2491, 2501. ఆఖరి అంకెలు ఏడు మూళ్లు ఇరవై ఒకటి, కాబట్టి 1తో ముగియాలి, 2487 పోయింది. రెండూ 50కి అటూ ఇటూ సమానంగా ఉన్నాయి, 50 యాభైలు 2500 కన్నా కాస్త తగ్గాలి, 2501 పోయింది. ఎంత తగ్గాలి? మూడు మూళ్లు తొమ్మిది. 2491.

7. గంటని ఇలా పంచుకోండి

జీకే 15 ప్రశ్నలు 5 నిమిషాలు. సైన్స్ 15 ప్రశ్నలు 10 నిమిషాలు. రీజనింగ్ 5 నిమిషాలు. లెక్కలు 25 నిమిషాలు. మొత్తం 45. మిగిలిన పావుగంట వదిలేసినవాటికి.

లెక్కలతో మొదలుపెట్టకండి. ఒక మొండి లెక్క దగ్గర నాలుగు నిమిషాలు పోతే చేతులు చల్లబడిపోతాయి, తర్వాత తెలిసిన జీకే కూడా తప్పుతుంది. ఏ లెక్కకైనా రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకి పొండి. లెక్కలు బాగా వచ్చినవాళ్లు సైన్స్ కన్నా ముందు చేసుకున్నా పరవాలేదు. మాక్ టెస్టుల్లో రెండు రకాలుగానూ రాసి, ఎక్కువ వచ్చిన వరుస ఖాయం చేసుకోండి. పరీక్ష రోజు మాత్రం వరుస మార్చకండి.

8. నోట్‌బుక్‌తో సరిచూసుకోండి

వారానికి రెండు పేపర్లు. రాసిన ప్రతిసారీ సరైనవి రెండుతో గుణించి, తప్పుల్లో సగం తీసేయండి. 30 సరి, 12 తప్పు, 8 ఖాళీ అయితే 60లోంచి 6 పోయి 54. "ముప్ఫై వచ్చాయి" అని సరైనవి మాత్రమే లెక్కపెట్టుకునే అలవాటు మానండి.

తప్పుల్ని మూడు కుప్పలు చేయండి: తెలియక పోయినవి, తెలిసీ పోయినవి, టైము చాలక పోయినవి. మొదటిదానికి పుస్తకం. మూడోదానికి గడియారం. రెండోదానికి మందు ప్రశ్న చివరిదాకా చదవడమే. "కింది వాటిలో కానిది ఏది" అన్నచోట "కానిది" చదవకుండా పోయేవి ప్రతి పేపర్లోనూ ఉంటాయి.

కొట్టేసి పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన చుక్క పెట్టండి. అయిదు పేపర్లయ్యాక చుక్కలన్నీ లెక్కపెట్టండి. మూడింట ఒకటికి మించి సరైతే మీ కొట్టేత బాగుంది. అయిదింట ఒకటి కూడా తగలకపోతే మీరు సరైన జవాబునే కొట్టేస్తున్నారని అర్థం. అలాంటివాళ్లు కొన్నాళ్లు ఆ పని మాని పాఠం చదవాలి. నోట్‌బుక్ స్నేహితుడికిచ్చి దిద్దించుకోండి. మన తప్పు మన కంటికి ఆనదు.

9. పరీక్ష రోజు

దరఖాస్తులో పరీక్ష ఊళ్లు అయిదు అడుగుతారు. కాకినాడో రాజమండ్రో ముందు పెట్టినా ఎక్కడ పడుతుందో చెప్పలేం, ముందు రోజే అక్కడికి చేరండి. సఖినేటిపల్లి వైపువాళ్లు తెల్లవారి పంటు ఎక్కి రేవు దాటి బస్సు పట్టుకుందామనుకోవద్దు. ఆటుపోట్లు, పొగమంచు, వాన, ఏదొచ్చినా పంటు ఆగుతుంది. గేటు మూసే టైము మాత్రం ఆగదు.

అడ్మిట్ కార్డు రెండు ప్రింట్లు, అసలు ఆధార్, ఫొటోలు, ఇంకా కార్డులో ఏం రాసుంటే అవి తీసుకెళ్లండి. మీ పేపరు పక్కవాడి పేపరు ఒకటి కాకపోవచ్చు. పరీక్ష చాలా రోజులు, చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, మార్కుల్ని ఆ తేడా చూసి సర్దుతారు. బయటికొచ్చి "నీది తేలిక, నాది కష్టం" అని కుమిలిపోవద్దు.

ఒక హెచ్చరిక. ఫీజు దరఖాస్తు అప్పుడు ఆన్‌లైన్‌లో కట్టేదే, అది 250 రూపాయలు. "పైన మనవాళ్లున్నారు, సీటు ఖాయం" అని ఎవడైనా డబ్బడిగితే వాడు దొంగ. అసలు మెమోలు తాకట్టుగా ఇమ్మంటే అస్సలు ఇవ్వకండి. పొలం కుదువపెట్టి ఇచ్చినవాళ్ల ఇళ్లు నాకు తెలుసు.

10. ఫలితం వచ్చాక

వెబ్‌సైట్‌లో ఏఆర్ఓ వారీగా రోల్ నంబర్ల జాబితా పెడతారు. విశాఖపట్నం జాబితా తెరిచి మీ నంబరు వెతకండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు నమ్మకండి. నంబరుంటే ర్యాలీ అడ్మిట్ కార్డు కోసం లాగిన్ చూస్తూ ఉండండి. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరుగెడితే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కి 40. చదివే రోజుల్లో కూడా గట్టు మీద పరుగు ఆపొద్దని చెప్పేది ఇందుకే.

ర్యాలీలో అడాప్టబిలిటీ టెస్టు అని ఇంకోటుంది. ఇది లెక్కలు, సైన్స్ కాదు. సైన్యంలో బతుకుకి, కొత్త చోట్లకి, కష్టానికి మీరు సర్దుకోగలరా అని చూసేది. దీనికి జవాబులు బట్టీ పట్టించే వీడియోలు వస్తున్నాయి, వాటి జోలికి పోవద్దు. ఇలాంటి ప్రశ్నావళుల్లో ఒకే సంగతి మాట మార్చి రెండు మూడుసార్లు అడుగుతారు. మొదట "నాకెప్పుడూ కోపం రాదు" అని పెట్టి, తర్వాత "స్నేహితులతో గొడవపడ్డాను" అని పెడితే అక్కడే దొరికిపోతారు. కోపం రాని మనిషి ఉండడు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. ఉన్నది ఉన్నట్టు, ఒక్కో ప్రశ్నకి ఎక్కువసేపు తీసుకోకుండా పెట్టండి.

ఇంటి దగ్గర చేయగలిగింది ఒకటుంది. ఇల్లు వదిలి పది రోజులు ఎక్కడైనా ఉండి రండి. చుట్టాలింట్లో కాదు, పనికి. చేపల చెరువు దగ్గర కాపలా అయినా, ఇంకో ఊళ్లో కోతలైనా సరే. ఆ పది రోజులు మీకెలా గడిచిందో మీకే తెలుస్తుంది, అప్పుడు ఆ ప్రశ్నలకి జవాబు తడుముకోనక్కర్లేదు.

ఈ టెస్టు కోసం ర్యాలీ అడ్మిట్ కార్డులో స్మార్ట్‌ఫోను తెచ్చుకోమని ఉంటే ముందు రాత్రే పూర్తిగా చార్జింగు పెట్టి, డేటా వేయించి, పవర్ బ్యాంకు సంచిలో పెట్టుకోండి. గ్రౌండు బయట రాత్రంతా పాటలు వింటూ పడుకుని, పొద్దున్నకి ఫోను ఆరిపోయి పక్కవాణ్ణి చార్జరడిగే పరిస్థితి తెచ్చుకోకండి.